యాడి కుట్టు, ఇంటి గౌను



దక్కన్ పత్తిని ఎడ్ల మీద వేసుకుని కోరమండల్ తీరం నేతగాళ్లకు చేర్చినవారిలో మన లంబాడీ పూర్వీకులున్నారు. ఆ తీరపు అద్దకం బట్టలు మచిలీపట్నం వంటి రేవుల్లో ఓడలెక్కాయి. 1700లలో ఇంగ్లండు మగవాళ్లు వాటితో వదులు గౌన్లు కుట్టించి ఇంట్లో తొడుక్కున్నారు. ఆ గౌనును ‘బనియన్’ అన్నారు. కాబట్టి ఇంటి గౌను మనకు పరాయిది కాదు.

మన ఎండలకు అస్తరు లేని పలుచని చేనేత నూలు గౌను హాయి. వదులు చేతులు, నడుముకు ఒక నాడా చాలు. మన కుట్టు మెడపట్టీకి, చేతుల అంచుకు, జేబుకు పెడదాం. ఒళ్లంతా కుడితే బరువు, ఉక్క. వీపున అద్దాలు, గవ్వలు వద్దు, పడుకుంటే గుచ్చుకుంటాయి. గుడ్డను ముందే తడిపి ఆరబెడితే తర్వాత కుట్టు ముడుచుకోదు.

పేటియా, కాంచళి రోజూ వేసుకునేవారు తగ్గుతున్నారు. కుట్టు తెలిసిన చేతులూ తగ్గుతున్నాయి. కర్ణాటకలోని సండూరు లంబాడీ కుట్టుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అయినా బజారులో మన కుట్టును బట్ట మీద అచ్చువేసి చౌకగా అమ్ముతున్నారు. అందులో యాడికి పైసా రాదు.

మేము మిమ్మల్ని అడిగేది ఇదే. గౌను అమ్మితే గుడ్డకెంత, దర్జీకెంత, కుట్టిన చేతికెంత అని విడివిడిగా రాయండి. చేతిపనికి గంటల లెక్కన కట్టండి. అంతకుముందు యాడి పక్కన కూర్చుని ఒక్క జేబు కుట్టండి. ఎన్ని గంటలు పట్టిందో అప్పుడు ఎవరూ చెప్పనక్కర్లేదు.