ఫోనులో మన డబ్బు ఏ దారిన పోతుంది?
(మండల మహిళా సమాఖ్య సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



పొదుపులు, అప్పు కిస్తీలు ఇప్పుడు మనలో చాలామందిమి ఫోనులోనే కడుతున్నాం. దారి తెలియని చోట దోచుకునేవాడికి సులువు. అందుకే ఆ దారేమిటో నాలుగు మాటల్లో చెప్పుకుందాం.

ఇంటర్నెట్ అంటే లోకంలోని కంప్యూటర్లను, ఫోన్లను కలిపే పెద్ద వల. మన ఫోను నుంచి టవర్ దాకా కబురు గాలిలో పోతుంది. ఆపైన చాలా దూరం భూమిలో పాతిన సన్నటి గాజు తీగల్లో వెలుగై పోతుంది. వేరే దేశాలకు సముద్రం అడుగున కేబుళ్లున్నాయి. అవి చెన్నై, ముంబై లాంటి చోట్ల ఒడ్డుకు చేరతాయి. మన దేశంలో మామూలు జనానికి ఇది 1995 ఆగస్టు 15న అందుబాటులోకి వచ్చింది.

మనం ఫోటో పంపితే అది చిన్న చిన్న ముక్కలవుతుంది. ప్రతి ముక్క మీదా చేరాల్సిన చోటి నంబరు ఉంటుంది. ముక్కలు వేర్వేరు దారుల్లో పోయినా అవతల వరుసగా కలుస్తాయి. ఏదైనా తప్పిపోతే మళ్లీ పంపుతారు. సిగ్నల్ లేనప్పుడు చక్రం తిరిగేది అందుకే.

2016లో వచ్చిన యూపీఐ కూడా ఈ దారినే నడుస్తుంది. నోట్లు ప్రయాణం చెయ్యవు. "ఈ ఖాతాలో తీసి ఆ ఖాతాలో వెయ్యి" అనే కబురు పోతుంది. ఆ కబురుకు మన సంతకమే పిన్. తీర్మానం మీద సంతకాలు లేకుండా సంఘం డబ్బు ఇవ్వరు కదా, ఇదీ అంతే. డబ్బు మనకు రావడానికి పిన్ అక్కర్లేదు. "డబ్బు పంపుతున్నాం, పిన్ కొట్టండి" అన్నారంటే అది మోసమే.

లింకు కూడా ఒక అడ్రసే. ఒక్క అక్షరం మారితే వేరే ఇంటికి పోతాం. తాళం గుర్తు కనపడితే దారిలో మన కబురు ఎవరూ చదవలేరని అర్థం. అవతలివాడు మంచివాడని కాదు. లోన్ వచ్చిందని లింకు పంపితే నొక్కకుండా బ్యాంకుకెళ్లి అడుగుదాం.

డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేద్దాం, బ్యాంకుకూ చెబుదాం. ఆలస్యమైతే దొంగలు ఆ డబ్బును వేరే ఖాతాలకు మార్చేస్తారు. తిడతారనో, నవ్వుతారనో దాచుకోవద్దు. మోసపోయిన అక్కను సంఘంలో ఎవరూ ఒక్క మాట అనకూడదు. వచ్చే సమావేశంలో పొదుపు లెక్క అయ్యాక, ప్రతి సంఘంలో ఈ సంగతి చదివి చెప్పుకుందాం.