ఏమీ కనిపించదనుకున్న చోట

 

పట్టాలిచ్చే ఇలాంటి వేదికల మీద పెద్దలు పెద్ద పెద్ద కలల గురించి మాట్లాడతారు. నేను ఫిజిక్స్ పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ణి. నాకు తెలిసింది పరమాణువు. అందులోనూ ఇవాళ ఒక చిన్న పని గురించే చెబుతాను. ఇంకా డిగ్రీ కూడా చేతికి రాని ఇరవై ఏళ్ల కుర్రాడికి ఒకాయన అప్పగించిన పని అది.

1897లో కేంబ్రిడ్జిలో జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను కనిపెట్టాడు. దానిది రుణావేశం. పరమాణువు మొత్తం మీద ఏ ఆవేశమూ లేదు కాబట్టి లోపల ఎక్కడో సరిగ్గా అంత ధనావేశం ఉండి తీరాలి. అది ఎలా ఉందన్నదే ప్రశ్న. గుజ్జంతా ధనావేశం, గింజలు ఎలక్ట్రాన్లు అంటూ మన బడి పుస్తకాల్లో పుచ్చకాయను చూపిస్తారే, ఆ ఊహ థామ్సన్‌దే. ఇప్పుడు నవ్వడం తేలిక గానీ, ఆ రోజుకి చేతిలో ఉన్న ఆధారాలకి అది బాగానే సరిపోయింది.

మాంచెస్టర్‌లో ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్ ఉండేవాడు. న్యూజిలాండ్ నుంచి వచ్చిన భౌతికశాస్త్రవేత్త. 1908లో నోబెల్ ఇస్తే కెమిస్ట్రీలో ఇచ్చారు, అది వేరే కథ. ఆయన దగ్గర హాన్స్ గైగర్ అనే జర్మన్ యువకుడు ఆల్ఫా కణాల్ని పలచటి లోహపు రేకుల్లోంచి పంపి, అవి దారి తప్పి ఎంత పక్కకు జరుగుతున్నాయో కొలుస్తున్నాడు. మహా అయితే ఒకటి రెండు డిగ్రీలు. ఆ గుంపులోకి ఎర్నెస్ట్ మార్స్‌డెన్ అనే విద్యార్థి వచ్చాడు. అతనికి ఏదో ఒక పని ఇవ్వాలి. బాగా పెద్ద కోణంలో పక్కకు తిరిగే కణాలేమైనా ఉన్నాయేమో చూడమన్నాడు రూథర్‌ఫర్డ్. ఉంటాయని ఆయనకు నమ్మకం లేదు. కుర్రాడికి చెయ్యి తిరగడానికి ఇచ్చిన పని అనుకోండి.

ఆ పని ఎలా ఉంటుందో పుస్తకంలోని బొమ్మ చెప్పదు. గాజు పలక మీద జింక్ సల్ఫైడ్ పూత. ఆల్ఫా కణం వచ్చి తగిలితే అక్కడ చిన్న మెరుపు. దాన్ని మైక్రోస్కోపులోంచి కంటితో పట్టుకోవాలి. ముందుగా చీకటి గదిలో అరగంట ఊరికే కూర్చోవాలి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా. ఆ తర్వాత లెక్కపెట్టడం మొదలు. కాసేపటికి కళ్లు అలిసిపోయి లేని మెరుపులు కనిపిస్తాయి, ఉన్నవి జారిపోతాయి. అప్పుడు ఇంకొకరు వచ్చి కూర్చోవాలి. రూథర్‌ఫర్డ్‌కే ఈ ఓపిక లేదు. రెండు నిమిషాలకే తిట్టుకుంటూ లేచిపోయానని ఒక మిత్రుడికి ఉత్తరంలో రాసుకున్నాడు. గైగర్ మాత్రం రాక్షసుడిలా లెక్కపెట్టేవాడు. ఆ పీడ వదిలించుకోవడానికే కాబోలు, తర్వాత తన పేరుతో నిలిచిన కౌంటర్ తయారుచేశాడు.

మార్స్‌డెన్ కూర్చున్నాడు. ఏమీ కనిపించదనుకున్న దిక్కున మెరుపులు కనిపించాయి. ప్లాటినం మీద పడిన కణాల్లో దాదాపు 8,000కి ఒకటి వెనక్కి వచ్చింది. సెంటీమీటరులో లక్షకి నాలుగు వంతుల మందం ఉన్న బంగారు రేకులోనైతే దాదాపు 20,000కి ఒకటి తొంభై డిగ్రీల మేర తిరిగింది. మిగతావి దాదాపు అన్నీ అడ్డే లేనట్టు సాగిపోయాయి.

ఇక్కడ మన సంగతి కొంచెం మాట్లాడుకోవాలి. మన కాలేజీల్లో ప్రాక్టికల్ రికార్డు ఎలా రాస్తామో ఈ హాల్లో అందరికీ తెలుసు, వేదిక మీద ఉన్నవాళ్లకి ఇంకా బాగా తెలుసు. గురుత్వ త్వరణం 980 రావాలి. లోలకం ఊపకముందే 980 వచ్చేసింది. అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టి రీడింగులు నింపుతాం. నమ్మకంగా ఉండాలని ఒకటి రెండు అంకెలు అటూ ఇటూ చేస్తాం. సంతకం పడుతుంది. తప్పంతా విద్యార్థిది కాదు. 961 వచ్చిందని నిజం రాసినవాడికి మార్కులు కోసేది మేమే. మార్స్‌డెన్ ఆ పద్ధతిలో పెరిగి ఉంటే ఏం రాసేవాడు? గురువుగారు సున్నా ఆశిస్తున్నారు కాబట్టి సున్నా. ఇరవై వేలకి ఒకటి అంటే ఏ దుమ్మో, ఏ పొరపాటో అని కొట్టిపారేయడానికి ఎంత సులువైన అంకె!

కొట్టిపారేయకుండా రాశారు. 1909లో అచ్చయింది. తర్వాత దాదాపు రెండేళ్లు రూథర్‌ఫర్డ్ దాని మీదే ఆలోచించాడు. రేకులో పరమాణువుల వరసలు వెయ్యికి పైనే ఉంటాయి. ఒక్కొక్క దాని దగ్గర కొంచెం కొంచెం తిరిగి, అన్నీ కలిసి తొంభై డిగ్రీలు అయ్యాయనుకుందామా? లెక్క కడితే ఆ అవకాశం లేనట్టే. కాబట్టి ఒకే ఒక్క చోట, ఒకే ఒక్క తాకిడిలో కణం తిరిగిపోవాలి. అంత బలం కావాలంటే ఆవేశమంతా ఒకచోట ముద్దగా ఉండాలి. ఎంత చిన్న చోట? సెంటీమీటరును లక్ష కోట్ల భాగాలు చేస్తే అందులో మూడు భాగాల దూరం దాకా ఆల్ఫా కణం దూసుకెళ్లి వెనక్కి తిరుగుతుంది. అంటే ఆ ముద్ద అంతకన్నా పెద్దది కాదు. పరమాణువు వెడల్పేమో దానికి పది వేల రెట్లు. కేంద్రకం దొరికింది.

1911 నాటి ఆ వ్యాసంలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఒక మౌనం. నడిమి ఆవేశం ధనమో రుణమో ఈ కొలతలతో తేలదని ఆయన ఆ ప్రశ్నను వదిలేశాడు. ఎలక్ట్రాన్లు ఎలా తిరుగుతాయి, పరమాణువు కూలిపోకుండా ఎలా నిలబడుతుంది అన్నవాటి జోలికీ పోలేదు. ఆ పని 1913లో నీల్స్ బోర్ చేశాడు. అదే ఏడు గైగర్, మార్స్‌డెన్ లక్షకు పైగా మెరుపులు లెక్కపెట్టి, రూథర్‌ఫర్డ్ సూత్రం కోణం కోణానికీ నిలుస్తుందని చూపించారు.

అదే ప్రయోగశాలలో పనిచేసిన హెన్రీ మోస్లీ ఎక్స్-కిరణాలతో మూలకాలకు పరమాణు సంఖ్య అంటే నిజంగా ఏమిటో తేల్చాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో గలిపోలీ పోరులో చనిపోయాడు. అప్పటికి 27 ఏళ్లు. అదే యుద్ధంలో గైగర్ జర్మన్ సైన్యంలో, మార్స్‌డెన్ బ్రిటిష్ పక్షాన ఉన్నారు. జేమ్స్ చాడ్విక్ గైగర్ దగ్గర పని నేర్చుకోవడానికి బెర్లిన్ వెళ్లి, యుద్ధం రావడంతో నాలుగేళ్లు నిర్బంధంలో ఉండిపోయాడు.

ఆ చాడ్విక్కే 1932లో న్యూట్రాన్‌ను కనిపెట్టాడు. అంతకు కొద్ది వారాల ముందు పారిస్‌లో ఇరేన్, ఫ్రెడరిక్ జోలియో-క్యూరీ దంపతులు బెరీలియం నుంచి వచ్చే వింత కిరణాలు పారఫిన్ మైనంలోంచి ప్రోటాన్లను తన్ని బయటకు పంపడం చూశారు. కొలత తప్పు కాదు. గామా కిరణాలనుకున్నారు. అంత బరువైన ప్రోటాన్‌ను గామా కిరణం అంత వేగంగా తన్నలేదని రూథర్‌ఫర్డ్, చాడ్విక్‌లకు అనిపించింది. ఆవేశం లేని, ప్రోటాన్ అంత బరువున్న కణం ఒకటి ఉండి తీరాలని వాళ్లు పన్నెండేళ్లుగా వెతుకుతున్నారు మరి. చాడ్విక్ అవే కిరణాల్ని హైడ్రోజన్ మీదా నైట్రోజన్ మీదా ప్రయోగించి, తన్నుడు లెక్క సరిచూసి న్యూట్రాన్ అని తేల్చాడు.

ఈ కథలో మనవాడు ఒకాయన ఉన్నాడు. భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టి, సన్యాసం తీసుకుని, హిమాలయాల్లో తపస్సు చేసి, యోగం గురించి ఉపన్యాసాలివ్వడానికి యూరప్ వెళ్లి అక్కడ ఫిజిక్స్‌లో పడిపోయిన స్వామి జ్ఞానానంద. ప్రేగ్‌లో ఎక్స్-కిరణాల మీద, ఆ తర్వాత లివర్‌పూల్‌లో సాక్షాత్తూ చాడ్విక్ దగ్గర బీటా కిరణాల మీద పనిచేశారు. తిరిగొచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణు భౌతికశాస్త్ర పరిశోధనకు పునాది వేశారు. కాషాయం కట్టుకున్న మనిషి హై వాక్యూమ్ మీద పుస్తకం రాశాడని మన పిల్లల్లో చాలామందికి తెలియదు. తెలియకపోవడం పిల్లల తప్పు కాదు.

తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను. 1960ల చివర్లో కాలిఫోర్నియాలో ఎలక్ట్రాన్లతో ప్రోటాన్‌ను కొట్టారు. మళ్లీ మాంచెస్టర్ పద్ధతే: ఊహించిన దానికన్నా ఎక్కువ కణాలు పెద్ద కోణంలో తిరిగాయి. లోపల క్వార్కులనే ఇంకా చిన్న కణాలున్నాయి. తమాషా ఏమిటంటే ప్రోటాన్ బరువులో ఆ క్వార్కుల సొంత బరువు వందకి ఒక వంతు. మిగతాదంతా వాటిని కట్టి ఉంచే బలాల శక్తి, వాటి చలనం. ఈ హాల్లో ఒక్కొక్కరి శరీరం బరువూ దాదాపు అంతా అదే.

ఇక తేలనిది ఒకటి చెప్పి ముగిస్తాను. కేంద్రకం బయట ఒంటరిగా ఉన్న న్యూట్రాన్ దాదాపు పావుగంటలో ప్రోటాన్‌గా మారిపోతుంది. ఆ సమయాన్ని రెండు రకాలుగా కొలుస్తారు. న్యూట్రాన్లను ఒక పాత్రలో బంధించి, కొంతసేపయ్యాక ఎన్ని మిగిలాయో లెక్కపెడితే సగటు ఆయుర్దాయం సుమారు 878 సెకన్లు వస్తోంది. న్యూట్రాన్ల ప్రవాహంలో పుట్టుకొచ్చే ప్రోటాన్లను లెక్కపెడితే సుమారు 888. రెండు పద్ధతులూ చేసినవాళ్లు జాగ్రత్తపరులే, ఎవరి కొలతలో దోషం ఉందో ఎవరూ చూపించలేకపోయారు. ఆ పది సెకన్ల తేడా ఎక్కడ నుంచి వస్తోందో ఇంకా తేలలేదు. మీలో పరిశోధన వైపు వెళ్లే వాళ్లుంటే ఈ పని ఖాళీగానే ఉంది.