తాళం తిప్పకండి

విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ పంపులు, నాజిళ్లు విప్పుకునే మనిషిని పిలిచి తెనాలిలో ఇంతమంది ముందు నిలబెట్టారు. గ్రంథాలయం వారికి నా కృతజ్ఞతలు. డీజిల్ ఇంజన్ ఎలా పనిచేస్తుందో మొదటినుంచీ చెప్పమన్నారు. అది చెప్పను, ఐటీఐ పిల్లల పుస్తకాల్లో ఉంది. స్పార్కు ప్లగ్గు ఉండదు, గాలిని 20 రెట్ల దాకా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. ఈ పూటకు ఇంత తెలిస్తే చాలు. పాత డీజిల్ బండిలో పొరపాటున పెట్రోలు పడితే జనం ఏం చేస్తున్నారో, ఏం చేయాలో చెప్పడానికే వచ్చాను.

ముందు ఒక అబద్ధం సంగతి తేల్చేద్దాం. "పెట్రోలు తేలిక, పైకి తేలుతుంది, అడుగున ఉన్న డీజిల్‌తో ఇంటికి వెళ్లిపోవచ్చు" అంటారు. చదువుకున్నవాళ్లే అంటారు! తేలిక మాట నిజమే. కానీ అడుక్కి దిగేవి నీళ్లు. పెట్రోలు, డీజిల్ ఒకే ముడిచమురు నుంచి వచ్చినవి, కలిశాయంటే కలిసిపోయినట్టే. వారం రోజులు కదపకుండా ఉంచినా విడిపోవు. దయచేసి ఈ మాట ఇంకెవరికీ చెప్పకండి.

రెండోది దీనికంటే మొండిది. "కాస్త పెట్రోలు కలిస్తే మంచిదే, ఇంజన్ శుభ్రపడుతుంది" అని. దీని పుట్టుక నాకు తెలుసు. పాత మెర్సిడెస్ డీజిల్ కార్ల పుస్తకాల్లో, గట్టి చలికాలంలో 30 శాతం దాకా పెట్రోలు కలుపుకోవచ్చని రాసి ఉండేది. చలిదేశాల్లో ఆ చలికి డీజిల్‌లోని మైనం గడ్డకట్టి ఫిల్టరు మూసుకుపోతుంది, అందుకని. శుభ్రం చేయడానికి కాదు. తెనాలిలో మే నెలలో ఎవరి డీజిల్ గడ్డకట్టిందయ్యా?

అసలు నష్టం ఎక్కడంటే, డీజిల్ కేవలం ఇంధనమే కాదు, పంపుకు కందెన కూడా అదే. పంపులో ఎలిమెంటు అంటాం, బ్యారెల్‌లో పైకీ కిందికీ ఆడే కడ్డీ. ఆ రెండింటి నడుమ సందు మిల్లీమీటరులో వెయ్యోవంతులు రెండో మూడో, అంతే. తలవెంట్రుక మందం దానికి ఇరవై రెట్లు పైనే. ఆ సందులో డీజిల్ పొర ఉన్నంతసేపే ఇనుము ఇనుమును తాకదు. పెట్రోలు ఆ పొరను కడిగేస్తుంది. పాత లారీల లైను పంపుకు కొంత నయం, కింద క్యామ్ షాఫ్టుకు ఇంజన్ ఆయిల్ అందుతుంది. రోటరీ పంపుకు ఆ ఆసరా కూడా లేదు, లోపల తిరిగే ప్రతి ముక్కకూ డీజిలే దిక్కు. అంచేత ట్యాంకులో పడ్డ పెట్రోలు చేసే నష్టం సున్నా. పంపు తిరిగిందా, అప్పుడు మొదలు నష్టం. బంకులో ఉండగానే తెలిస్తే తాళం తిప్పకండి. నలుగురు పట్టి పక్కకు నెట్టండి, సిగ్గేమీ లేదు.

ఒక అంబాసిడర్ సంగతి చెబుతాను, వినండి. 2014లో ఉత్తరపరాలో ఆ కారు తయారీ ఆగిపోయింది గానీ మన పల్లెల్లో ఇంకా అక్కడక్కడా తిరుగుతూనే ఉంది. చిక్కేమిటంటే పెట్రోలు అంబాసిడరూ డీజిల్ అంబాసిడరూ పైకి ఒకలాగే ఉంటాయి. రిటైరైన మాస్టారొకరిది 1489 సీసీ డీజిల్ బండి. పెళ్లివారికి ఇచ్చారు. డ్రైవరు కొత్తవాడు, బంకు కుర్రాడు అడగలేదు, ఇతను చెప్పలేదు. పెట్రోలు కొట్టించుకుని బయల్దేరారు. కాలవ గట్టు ఎక్కేసరికి ఇంజన్‌లో టకటకమని సుత్తితో కొట్టినట్టు మోత, లాగుడు పోయింది, చివరికి ఆగింది. ఆగాక కూడా బ్యాటరీ అయిపోయేదాకా సెల్ఫ్ కొట్టారు. దగ్గర్లోని మెకానిక్కు వచ్చి చూసి, బోరు పోయింది, హెడ్డు దించాలి, పిస్టన్లు మార్చాలి అన్నాడు. దేన్ని చూసి అన్నాడో! ఒక్క బోల్టు విప్పలేదు.

మాస్టారికి నమ్మకం కుదరక తాడు కట్టించి నా దగ్గరకు తెచ్చారు. ముందు బ్యాటరీ వైరు తీశాం. ట్యాంకు దించి పూర్తిగా కడిగాం. ఫిల్టరు పారేశాం. లైన్లన్నీ ఊదాం. తర్వాత నాలుగు నాజిళ్లు విప్పి బల్ల మీద పెట్టాను. "మీరే చూడండి మాస్టారూ" అని ఒక నాజిల్ ఆయన చేతికే ఇచ్చాను. నాజిల్ లోపలి సూదిని శుభ్రమైన డీజిల్‌లో ముంచి, బాడీలోంచి మూడో వంతు పైకి లాగి, కాస్త ఏటవాలుగా పట్టుకుని వదలాలి. ఎవరూ తోయకుండా దాని బరువుకు అదే నిదానంగా జారాలి. మూడు జారాయి. నాలుగోది సగంలో పట్టుకుంది. ఆయన దాన్ని తిప్పి తిప్పి మళ్లీ వదిలారు, మళ్లీ అక్కడే ఆగింది. వెలుతురులో పెట్టి చూస్తే సూది మీద సన్నటి గీత. టెస్టరుకు బిగించి చేత్తో పంపు కొడితే మంచి నాజిల్ బుర్రుమని పొగమంచులా చిమ్ముతుంది, ఇది చుక్కలు కార్చింది. పంపును బెంచి మీద తిప్పి చూశాం, గీతలు పడలేదు, కాలిబ్రేషన్ సరిగ్గా ఉంది. కంప్రెషన్ గేజి పెడితే నాలుగు సిలిండర్లూ సమానం. ఈ గేజి పెట్టడానికి హెడ్డు దించక్కర్లేదండీ! నాజిల్ తీసిన కంత చాలు. ఒక నాజిల్, ఒక ఫిల్టరు, శుభ్రమైన డీజిల్. ఫీడు పంపు చేత్తో కొడుతూ ఫిల్టరు స్క్రూ దగ్గర బుడగలు పోయేదాకా, ఆ తర్వాత పంపు దగ్గర, చివరికి నాజిల్ పైపుల నట్లు వదులుచేసి సెల్ఫ్ కొడుతూ డీజిల్ చిమ్మేదాకా ఎయిర్ తీశాం. నట్లు బిగించాక రెండో సెల్ఫుకే అందుకుంది.

"మరి హెడ్డు దించాలని ఎందుకన్నాడు?" అని మాస్టారు అడిగారు. పాత బండి అంటే ఎంత చెప్పినా నమ్ముతారని. నాకు మండేది అక్కడే. కొలవకుండా, నాజిల్ విప్పకుండా ఇంజన్ పోయిందని ఎవరైనా అంటే, గేజి తెమ్మనండి. అడిగే హక్కు మీకుంది.

ఇంకోటి. అమ్మా, ఇది మీరూ వినాలి, పనిలో ఉండేది మీ పిల్లలే. ట్యాంకులోంచి తీయడానికి పైపు నోట్లో పెట్టుకుని పీలుస్తారు, షెడ్డుల్లో పదిహేనేళ్ల పిల్లలచేత పీల్పిస్తారు. ఒక్క గుక్క పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. మింగినా వాంతి చేయించొద్దు, వాంతిలో మళ్లీ ఊపిరితిత్తుల్లోకే పోతుంది. నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి. అసలు నోటితో పీల్చడం దేనికి, డీజిల్ తోడే చేతిపంపు దొరకని ఊరు లేదు. డీజిల్‌లో కొంచెం పెట్రోలు కలిసినా దాన్ని పెట్రోలుగానే చూడాలి, ఆవిరి అంటుకుంటుంది. దగ్గర్లో బీడీ వద్దు, గదిలో తీయొద్దు. తీసినదాన్ని కాలవలో పోయొద్దు.

టైమైపోయిందని సైగ చేస్తున్నారు, తొందరగా చెప్పేస్తాను. 2005 తర్వాత మన దగ్గర పెరిగిన కామన్ రైలు బళ్లకు, అంటే రైలు అనే ఒకే గొట్టం నుంచి అన్ని నాజిళ్లకూ డీజిల్ అందేవాటికి, ఈ అంబాసిడర్ కథ వర్తించదు. వాటిలో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది, పంపు అరిగితే ఇనుప రజను రైలు నుంచి నాజిళ్ల దాకా పాకుతుంది, ఖర్చు లక్ష దాటొచ్చు. వాటిలో చాలావాటికి తాళం తిప్పగానే ట్యాంకులోని పంపు తిరుగుతుంది, స్టార్టు చేయకపోయినా సరే. పాత పెట్రోలు బండిలో డీజిల్ పడితే ఇంత ప్రమాదం లేదు. తెల్లపొగ వచ్చి ఆగుతుంది. ట్యాంకు, కార్బురేటరు కడిగి, ప్లగ్గులు తుడిస్తే చాలు. కానీ డిప్ స్టిక్ తీసి చూడండి, ఆయిల్ మట్టం పెరిగిందంటే డీజిల్ కిందికి దిగినట్టు, ఆయిల్ మార్చాలి. పాత బళ్లలో ఇథనాల్ పెట్రోలు సంగతి అడుగుతారని తెలుసు, దానికి వేరే సాయంత్రం కావాలి.

అదుగో, వెనక వరసలో చెయ్యెత్తిన బాబూ, అడుగు. ముందు నీ బండి పెట్రోలో డీజిలో చెప్పు.