మందు వచ్చింది, అన్నం మరిచాం
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పండగ పూట జబ్బు కబుర్లేమిటని మీకు అనిపించవచ్చు. ఉద్యోగమంతా ఈ జిల్లాల్లో క్షయ రోగుల మధ్యే గడిపినవాణ్ణి. తెలిసిన విషయం చెబితేనే మీ సమయానికి న్యాయం జరుగుతుందని ఇది ఎంచుకున్నాను.

మా ఇంట్లో ఈ కథ 1942లో మొదలైంది. మా పెద్దతాత రంగం వెళ్లినవాడు. రంగం అంటే రంగూన్ అని ఈ తరం పిల్లలకు చెప్పాలి. విశాఖ, భీమిలి, కళింగపట్నం రేవుల్లో ఓడెక్కి మనవాళ్లు అక్కడి బియ్యం మిల్లుల్లో, ఓడరేవులో కూలికి పోయేవారు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. లక్షలాది మంది తిరుగుముఖం పట్టారు. ఓడ దొరకనివాళ్లు కొండలూ అడవులూ దాటి నడిచారు. పెద్దతాత అలా నడిచి ఇల్లు చేరేసరికి ఎముకల గూడు మిగిలింది, దానితో పాటు దగ్గు.

1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీదా బాంబులు పడ్డాయి. పట్నం వదిలి జనం పల్లెలకు వచ్చేశారు. ఒక్కో ఇంట్లో మూడేసి కుటుంబాలు తలదాచుకున్నాయని మామ్మ చెప్పేది. బర్మా బియ్యం ఆగిపోయింది, ధరలు మండిపోయాయి.

డాక్టరుగా ఇప్పుడు వెనక్కి చూస్తే, క్షయకు ఇంతకంటే అనువైన కాలం ఉండదు. ఈ క్రిమి ఒంట్లో చేరిన ప్రతివారికీ జబ్బు రాదు. చాలామందిలో అది ఏళ్ల తరబడి నిద్రపోతుంది. తిండి తగ్గి, ఒళ్లు చిక్కినప్పుడు లేస్తుంది. ఇరుకు గదిలో దగ్గితే పక్కవాడికి చేరుతుంది. ఆకలి, ఇరుకు రెండూ యుద్ధం ఒకేసారి తెచ్చిపెట్టింది.

మరి ప్రభుత్వం, వైద్యులు ఏం చేశారు? అప్పుడు శ్రీకాకుళం, విజయనగరం రెండూ విశాఖపట్నం జిల్లాలోవే. యుద్ధం మొదలైన 1939లోనే మద్రాసు ప్రజారోగ్య చట్టం వచ్చింది, భారత క్షయ సంఘం ఏర్పడింది. పెద్దాసుపత్రి అంటే విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రి. పేరున్న శానిటోరియం మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో ఉండేది. ఇచ్ఛాపురం నుంచి ఆరోగ్యవరం ఎంత దూరమో ఆలోచించండి! 1943లో నియమించిన భోర్ కమిటీ లెక్క ప్రకారం దేశంలో సుమారు 25 లక్షల మంది క్షయ రోగులు, వాళ్లకు ఉన్న మంచాలు 6 వేలు. అందుకే క్షయ సంఘం 1940లో ఢిల్లీలో పెట్టిన కేంద్రం ద్వారా, రోగిని ఇంట్లోనే ఉంచి వైద్యం చేసే పద్ధతిని ముందుకు తెచ్చింది.

ఆ వైద్యంలో మందు లేదు. విశ్రాంతి, మంచి గాలి, పాలు, గుడ్లు. కొందరికి ఛాతీలోకి గాలి ఎక్కించి, జబ్బుపడ్డ ఊపిరితిత్తికి పని తగ్గించేవారు. యుద్ధకాలంలో పేదవాడి ఇంట్లో పాలు, గుడ్లు ఎక్కడివి? రోగానికి ఉన్న ఒక్క మందూ సంతలో ధర పెరిగిపోయిన తిండే.

పెద్దతాతకు కళ్లంలో పాక వేశారు. వేరే కంచం, వేరే చెంబు. మామ్మ రోజూ చోడి అంబలి, దొరికితే ఓ గుడ్డు పట్టుకెళ్లేది. పిల్లల నోటి ముందు తీసి రోగికి పెడుతోందని ఇంట్లో మాటలు పడింది. “తిన్న నాలుగు రోజులు బాగుండేవాడురా, గుడ్డు ఆగితే మళ్లీ దగ్గు” అనేది. ఆయన 1944లో పోయాడు. అంతకు ముందు ఏడాదే అమెరికాలో స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టారు. అది మన ఊరి దాకా రావడానికి ఏళ్లు పట్టింది.

తర్వాత కథ వేగంగా నడిచింది. 1948లో మదనపల్లెలోనే బి.సి.జి. టీకాలు మొదలయ్యాయి. 1959లో మద్రాసు పరిశోధకులు ఒక విషయం తేల్చారు. మందులు సరిగ్గా వాడితే, ఇరుకు ఇంట్లో సాధారణ తిండి తినే రోగీ శానిటోరియం రోగిలాగే కోలుకుంటాడని. కోట్లమంది పేదలకు అది వరం. శానిటోరియంలో మంచం దొరకకపోయినా బతకవచ్చని తేలింది. కానీ దాని నుంచి మనం ఒక తప్పు పాఠం కూడా నేర్చుకున్నాం. మందు ఉంది కదా, తిండితో పనేముందనుకున్నాం. నేనూ అలాగే అనుకున్నాను. “మాత్రలు మానకు” అని వేలసార్లు చెప్పాను. “ఇంట్లో ఏం తింటున్నారు?” అని అడిగింది తక్కువ.

2023లో వెలువడిన జార్ఖండ్ అధ్యయనం నా కళ్లు తెరిపించింది. రోగి కుటుంబంలో మిగతావాళ్లకు నెలనెలా బియ్యం, పప్పు అదనంగా ఇచ్చారు. వాళ్లలో కొత్తగా ఊపిరితిత్తుల క్షయ రావడం దాదాపు సగానికి తగ్గింది. మందు రోగిని బాగుచేస్తుంది, తిండి పక్కవాణ్ణి కాపాడుతుంది. మామ్మను తప్పుపట్టినవాళ్లు ఒక సంగతి గమనించలేదు. గుడ్డు పెద్దతాతకూ కావాలి, పిల్లలకూ కావాలి. ఇంట్లో ఉన్నది ఒక్కటే.

మన తరగతిలో ఒకతను తొమ్మిదిలోనే బడి మానేశాడు. తండ్రికి క్షయ అని, ఆ మాట బయటికి రాకూడదని. మనం కారణం అడగలేదు. ఇప్పటికీ ఆ సిగ్గు పూర్తిగా పోలేదు.

అందుకే ఈ స్వర్ణోత్సవాన నాదొక మనవి. 2022 నుంచి ‘నిక్షయ్ మిత్ర’ పేరుతో ఎవరైనా క్షయ రోగికి ఆరు నెలల పోషకాహారం అందించే ఏర్పాటు ఉంది. మన మండలంలో ఒక్కో బ్యాచి ఒక్కో రోగి ఇంటిని తీసుకుందాం. రోగికి మాత్రమే కాదు, ఆ ఇంట్లో అందరికీ సరిపడా ఇద్దాం. ఫోటోలు వద్దు, పేర్లు చెప్పొద్దు. సంచి తీసుకెళ్లినవాళ్లు గుమ్మం బయటే నిలబడి వచ్చేయకుండా, లోపలికెళ్లి ఓ పది నిమిషాలు కూర్చుని రండి.

మొదటి ఇంటి బాధ్యత మా బ్యాచిది. నిన్న రాత్రే మాట్లాడుకున్నాం.