ఎక్స్‌రే తీశాక బిడ్డకు పాలివ్వవచ్చా?

(రోగుల బంధువుల కోసం జరిగిన ఆరోగ్య సమావేశంలో ఒక నర్సు చేసిన ప్రసంగం)



ముందుగా, నేను ఇదివరకు వేరే ఊళ్లో పని చేసేటప్పుడు జరిగిన ఒక సంగతి చెబుతాను. దగ్గుతో వచ్చిన ఒక బాలింతకు డాక్టరుగారు ఛాతీ ఎక్స్‌రే రాశారు. గదిలోకి వెళ్లేముందు నేను, "బిడ్డను మీ అత్తగారి చేతికివ్వమ్మా, లోపలికి తేకూడదు" అన్నాను. ఎందుకో చెప్పలేదు. మళ్లీ ఎప్పుడు ఎత్తుకోవచ్చో కూడా చెప్పలేదు. నాలుగు రోజుల తరువాత అదే బిడ్డను విరేచనాలతో తీసుకొచ్చారు. కళ్లు లోతుకుపోయాయి, నోరు పిడచకట్టుకుపోయింది. "పాలల్లోకి కరెంటు దిగి ఉంటుందని భయపడ్డాం సిస్టరమ్మా. నువ్వు కూడా బిడ్డను దూరంగా పెట్టమన్నావు కదా. గేదె పాలల్లో నీళ్లు కలిపి సీసాతో పట్టాం" అన్నారు అత్తగారు. బిడ్డ కోలుకున్నాడు. కానీ ఆ తప్పులో సగం నాదే. అప్పటినుండి ఎక్స్‌రే గదిలో ఏం జరుగుతుందో అడగకపోయినా చెబుతున్నాను.

ఆ యంత్రానికి వేలాడే పెద్ద డబ్బాలో గాలి తీసేసిన గొట్టం ఒకటి ఉంటుంది. దానిలో ఒక కొసన సన్నని తీగ. బల్బులోని తీగలాగే అది కాగుతుంది. కాగినప్పుడు ఎలక్ట్రాన్‌లు అనే అతి చిన్న కణాలు దానినుండి బయటికి వస్తాయి. వాటిది ఋణావేశం. ఎదురుగా, కొద్ది దూరంలోనే, టంగ్‌స్టన్ అనే లోహపు పళ్లెం ఉంటుంది. బటన్ నొక్కినప్పుడు ఆ పళ్లేనికి ధనావేశం వస్తుంది. ఇక ఎలక్ట్రాన్‌లు ఆగలేవు, దానివైపు పరుగు తీస్తాయి.

ఈ పరుగు ఎలాంటిదో తెలియాలంటే చేదబావిని తలచుకోండి. చేంతాడు చేయిజారితే బకెట్ ఒకే వేగంతో పడదు. భూమి దాన్ని అడుగడుగునా ఒకేలా లాగుతూనే ఉంటుంది గనుక క్షణక్షణానికి వేగం పెరుగుతుంది. బావి ఎంత లోతైతే నీళ్లకు అంత గట్టిగా తగులుతుంది. రెండు పలకల మధ్య విద్యుత్ క్షేత్రం అంతటా ఒకేలా ఉన్నప్పుడు ఎలక్ట్రాన్‌కూ ఇదే జరుగుతుంది. నిజం గొట్టంలో ఆ లాగుడు అన్నిచోట్లా అచ్చంగా సమానంగా ఉండదు. అయినా చివరికి ఎలక్ట్రాన్‌కు ఎంత శక్తి వస్తుందన్నది వోల్టేజీని బట్టే ఉంటుంది. వోల్టేజీ రెట్టింపైతే శక్తీ రెట్టింపు. బావి లోతు అంటే ఇక్కడ వోల్టేజీ అన్నమాట.

మన ఇళ్లలో కరెంటు 230 వోల్టులు. ఎక్స్‌రే గొట్టంలో 70 వేల వోల్టులు పెట్టారనుకోండి, ఎలక్ట్రాన్ ఆ కొద్ది దూరంలోనే కాంతి వేగంలో దాదాపు సగం వేగాన్ని అందుకుంటుంది! చేతి ఎముకకు తక్కువ వోల్టులు చాలు, నడుముకు ఎక్కువ కావాలి. టెక్నీషియన్ మనిషి మనిషికీ అంకెలు మార్చేది అందుకే.

అంత వేగంతో పళ్లేన్ని ఢీకొన్నప్పుడు ఆ శక్తిలో నూటికి 99 వంతులు వేడిగానే పోతుంది. మిగిలిన ఒక్క వంతే ఎక్స్‌రే కిరణాలు. ఒకేచోట తగిలితే పళ్లెం కరిగిపోతుంది కనుక చాలా యంత్రాలలో దాన్ని తిప్పుతారు. ఫోటోకు ముందు వినబడే ఆ గిర్రుమనే చప్పుడు అదే, భయపడకండి. 1895లో రాంట్‌జన్ అనే జర్మనీ శాస్త్రవేత్త ఈ కిరణాలను కనిపెట్టినప్పుడు తన భార్య చేతినే ఫోటో తీశారు.

ఇక అసలు మాట. కరెంటు ఆగిన క్షణం ఎలక్ట్రాన్‌ల పరుగు ఆగుతుంది. పరుగు ఆగితే కిరణాలు లేవు. లైటు ఆర్పితే గదిలో వెలుగు మిగులుతుందా? అలాగే తల్లి ఒంట్లోనూ, పాలల్లోనూ, చీరమీదా ఏమీ మిగలదు. బిడ్డను బయట ఉంచమనేది ఆ కిరణాలు వెలువడే క్షణంలో అనవసరంగా తగలకూడదని మాత్రమే.

కాన్సర్‌కు బయటినుండి యంత్రంతో "కరెంటు పెట్టించుకున్న" పెద్దవాళ్ల సంగతీ ఇంతే. తాతగారి పక్కలోకి మనవళ్లను రానివ్వని ఇళ్లు నేను చూశాను. ఆయనకు జబ్బుకంటే అదే ఎక్కువ బాధ.

అయితే ఒక తేడా ఉంది. థైరాయిడ్ వంటి జబ్బులకు రేడియో అయోడిన్ మందు తాగించినా, స్కాను కోసం అలాంటి మందు ఎక్కించినా, కిరణాలు ఒంట్లోనుండే వస్తాయి. అప్పుడు పాలివ్వడం, పిల్లలను ఎత్తుకోవడం గురించి డాక్టరు చెప్పినట్టే నడచుకోవాలి. అలాగే నెల తప్పిందేమోనన్న అనుమానం ఉన్నా ఎక్స్‌రేకు ముందే మాతో చెప్పండి. సిగ్గుపడవద్దు.

మామూలు ఎక్స్‌రే అయితే, గది బయట బల్ల ఉంది కదా, అక్కడే కూర్చుని బిడ్డకు పాలివ్వండి.