అమావాస్య నుండి అమావాస్య వరకు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగపాఠము)



కావ్యములు చదువు అలవాటున్నవారికి ఒక సందేహము కలుగుట సహజము. సంతోషమును చెప్పిన గ్రంథముననే మహాకవులు శోకమును కూడ ఏల చెప్పిరి? రఘువంశమున ఆరవ సర్గలో ఇందుమతీ స్వయంవరము జరుగును. ఎనిమిదవ సర్గకు వచ్చునప్పటికి అదే ఇందుమతి కొరకు అజమహారాజు విలపించుచుండును. భారతమున యుద్ధము ముగియగనే పట్టాభిషేకము జరుగదు. ముందు స్త్రీపర్వము వచ్చును. స్త్రీల రోదనమును, మృతులకు జలము విడుచుటయు అందున్నవి. ధర్మరాజు సింహాసనమెక్కుట ఆ పిమ్మటి మాట. ఈ కూర్పు కవుల చమత్కారమని తోచవచ్చును. కాని కాసిపేట వాడలలో ఒక్క నెల కన్ను తెరచి చూచినవారికి ఇది చమత్కారము కాదనియు, సంసారుల నిత్యానుభవమే యనియు తెలియును. ఆ నెల ఆశ్వయుజము. భాద్రపద అమావాస్య మొదలు దీపావళి అమావాస్య వరకు గల కష్టసుఖములే ఈ ప్రసంగమునకు విషయము.

మంచిర్యాల జిల్లా 2016లో ఏర్పడక పూర్వము కాసిపేట ఆదిలాబాదు జిల్లాలోనిది. ఇచట ఒక వైపు సింగరేణి బొగ్గుబాయిలు, ఒక వైపు దేవాపూరు సిమెంటు కర్మాగారము, తక్కిన వైపుల చెలకలు, అడవి, గోండు గూడెములు. మూడు విధముల జీవనములు ఒక్క అంగడిలో కలిసికొనును. ఎవరి దేవుడు వారికున్నను, ఎవరి పని వేళలు వారికున్నను, ఆశ్వయుజ మాసము మాత్రము అందరి వాకిండ్లలోను అడుగుపెట్టును.

ఆ అడుగు మొదట దుఃఖముతోనే పడును. భాద్రపద అమావాస్యను పెత్రమాస యందురు. నాటి ఉదయము ఇంటి యజమాని గతించిన తల్లిదండ్రుల పేరు, తాత ముత్తాతల పేరు చెప్పి బియ్యము, పప్పు, కూరగాయలు దానమిచ్చును. కన్న ఊరు విడిచి బాయి పనికి వచ్చినవారు క్వార్టరు వాకిటనే నిలిచి ఆ పేర్లు తలచుకొందురు. సంవత్సరమంతయు నోట రాని పేరు ఆనాడు వచ్చును. కంట నీరు నిలుచును. సాయంకాలమగునప్పటికి అదే ఇంటి ఆడువారు అదే వాకిట తంగేడు, గునుగు, బంతి పూలు పేర్చి ఎంగిలిపూల బతుకమ్మను ఎత్తుదురు. ఉదయము పితరులకు బియ్యము చెరిగిన చేటలోనే సాయంకాలము పూలు. నడుమ వ్యవధానము ఒక్క పగలు మాత్రమే. దుఃఖము తీరిన పిదప సంతోషింతమని కూర్చున్నచో ఏ ఇంటను పండుగ జరుగదని పెద్దలు ఎరిగియే ఈ రెంటిని ఒక్క దినమున ముడివేసిరి కాబోలు.

తరువాతి దినములకు పేర్లు అందరికిని తెలిసినవే. అటుకులు, ముద్దపప్పు, నానబియ్యము, అట్లు. ఆరవనాడు అలిగిన బతుకమ్మ. ఆనాడు పూలు పేర్వరు. అలకకు కారణమును ఊరూర వేరుగా చెప్పుదురు. కారణమేదైనను, తొమ్మిదినాళ్ల వేడుకలో ఒకనాటిని మౌనమునకు విడిచిపెట్టుట గమనింపదగినది. తదుపరి వేపకాయలు, వెన్నముద్దలు, చివర సద్దుల బతుకమ్మ. 2014లో ఇది రాష్ట్ర పండుగ అయినది. కాని దీని బలము ప్రభుత్వ ఉత్తర్వులో లేదు. చప్పట్ల నడుమ స్త్రీలు పాడు పాటలలో అత్తింటి కష్టములు, పుట్టింటి బెంగ, సీతమ్మ కడగండ్లు ఎన్నియో కలవు. ఏడ్వవలసిన మాటను పదిమంది కూడి పాడుటచేతనే అది మోయదగిన బరువగుచున్నది.

బాయి పనివారి ఇండ్లలో ఈ వేడుకకు మరియొక తాళము కలదు. అది షిఫ్టుల తాళము. పగటి షిఫ్టువాడు ఇల్లు చేరి గుట్ట వెంట తంగేడు తెచ్చును. రెండవ షిఫ్టువాని భార్య పాట పాడుచునే భర్త రాకకు చెవియొగ్గును. రాత్రి షిఫ్టువాడు, సద్దుల బతుకమ్మ నీట కలియు వేళకు, తలకు దీపము తగిలించుకొని బాయిలోనికి దిగుటకు సిద్ధపడుచుండును. పైన పూలు, క్రింద బొగ్గు. క్రిందనున్నవాడు క్షేమముగా పైకి వచ్చిననాడే పైనున్న పూలకు అర్థము.

పండుగ ముందర సొమ్ము వచ్చును. సింగరేణి సంస్థ తన లాభములో కొంత వంతును కార్మికులకు పంచుట వాడుక. 2024లో ఆ వంతు నూటికి 33 చొప్పున 796 కోట్ల రూపాయలు. ఒక్కొక్క కార్మికునికి సగటున రమారమి ఒక లక్షా 90 వేలు. అదే సంవత్సరమున ఒప్పంద కార్మికులకు తొలిసారిగా తలకు 5,000 రూపాయలు ప్రకటింపబడినవి. ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన వ్రాసి చూడుడు. ఒక్క గోడకు ఇటు అటు కాపురముండు ఇద్దరు ఇల్లాండ్రు వీని నడుమనున్నారు. ఒక ఇంట బంగారు గాజుల మాట. రెండవ ఇంట కిరాణా బాకీ తీరునా యను మాట. కాని గోడకు ఇటునుండి అటు సద్దుల పళ్లెము పోవుచునే యున్నది. పెరుగు సద్ది ఇటునుండి పోయిన, నువ్వుల సద్ది అటునుండి వచ్చును. ఆ పళ్లెము రాకపోకలు నిలిచిననాడు అంకెలు మాత్రమే మిగులును.

బాయి పల్లెలకే ప్రత్యేకమైన కష్టసుఖమొకటి కలదు. ఉద్యోగములో నుండగా తండ్రి మరణించినను, రోగముచేత పనికి అనర్హుడైనను, నియమములకు లోబడి సంతానములో ఒకరికి కారుణ్య నియామకము లభించును. అట్టి ఉత్తర్వు చేతికి వచ్చిన ఇంటిని తలచుకొనుడు. కుమారుని జీవితమున అంతకు మించిన శుభవార్త లేదు. కాని ఆ కాగితముపై తండ్రి పేరు కూడ నున్నది, మృతుడను మాటతో. తల్లి ఆ కాగితమును దేవుని ముందర పెట్టవలెనా, భర్త పటము ముందర పెట్టవలెనా? బిడ్డకు అన్నము దొరకెనని సంతోషింపవలెనా, భర్తను మ్రింగిన బాయిలోనికే బిడ్డ దిగునని వగవవలెనా? ఈ ప్రశ్నకు ఏ పండితుడును ఉత్తరము చెప్పజాలడు.

ఇరుగుపొరుగువారు మాత్రము ఉత్తరము చెప్పుదురు, మాటతో కాదు, నడవడితో. ఏడాది లోపల మరణము జరిగిన ఇంట పలువురు బతుకమ్మను పేర్వరు. ఆచారము తెలిసిన స్త్రీలు ఆ వాకిలి దాటునప్పుడు పాట గొంతు తగ్గింతురు. ఆ ఇంటి చిన్నబిడ్డలను తమ బిడ్డలతో చేయిపట్టి తీసికొనిపోయి ఆటలో నిలుపుదురు. పెద్దలకు పండుగ లేకున్నను పిల్లలకు పండుగ తప్పిపోరాదని వారి భావము. దసరా సాయంకాలము జమ్మి ఆకును బంగారమని చేత బట్టుకొని, ఎరిగినవారు ముందుగా ఆ ఇంటి గడపనే ఎక్కుదురు. విరాటపర్వమున పాండవులు తమ ఆయుధములను శవమని జనులను నమ్మించి జమ్మిచెట్టున దాచిరి. చావు గుర్తును మోసిన ఆ చెట్టు ఆకే విజయదశమినాడు బంగారమగుచున్నది. దుఃఖమున్న ఇంటికి మొదటి బంగారము పోవుట ఎంతయో తగియున్నది.

దశమి దాటి పున్నమి వచ్చును. ఆశ్వయుజ పౌర్ణమినాడు కెరమెరి మండలములోని జోడేఘాటున కొమురం భీము వర్ధంతి జరుగును. అడవి పైన, భూమి పైన తమ ప్రజల హక్కు కొరకు నిజాము ప్రభుత్వముతో పోరాడి ఆయన 1940లో మరణించెను. ఆ వీరునకు అంజలి ఘటించిన పిమ్మట దండారి సందడి ముమ్మరమగును. నెమలి ఈకల టోపీ ధరించిన గుస్సాడీలు డప్పుల మోతతో ఒక గూడెమునుండి మరొక గూడెమునకు అతిథులుగా పోవుదురు. ఆతిథ్యమిచ్చిన గూడెము మరియొకనాడు తానే అతిథి యగును. ఈ రాకపోకలలో చుట్టరికములు కలియును, పెండ్లి మాటలు మొలకెత్తును. మార్లవాయి గ్రామవాసి కనకరాజు గుస్సాడీ నృత్యమును దేశమెల్ల ఎరుగునట్లు చేసి 2021లో పద్మశ్రీ పొందెను. ఆయన 2024 అక్టోబరు 25న గతించెను. సరిగా దీపావళికి ముందర దండారి దినములవి. గురువు పోయిన నెలయు గుస్సాడీల నెలయు ఒక్కటే అయినది. ఆయన నేర్పిన అడుగులు మాత్రము శిష్యుల పాదములలో మిగిలినవి.

పిదప దీపావళి. అమావాస్య చీకటిలో మొదలైన నెల అమావాస్య చీకటిలోనే ముగియును. భేదమొక్కటే, రెండవ చీకటిలో ప్రతి గడపను దీపముండును.

సభాసదులారా! ఇదంతయు తానై నిలుచునని తలచుట పొరపాటు. ఉద్యోగ విరమణ చేసినవాడు క్వార్టరు విడిచిపోవలెను. ముప్పదేండ్ల ఇరుగుపొరుగు ఒక్క బండి సామానుతో చెదరిపోవును. యువకులు హైదరాబాదునకు, గల్ఫు దేశములకు తరలిపోవుచున్నారు. మరణవార్తయు, పెండ్లి శుభలేఖయు ఒక్క విధముగనే చేతి ఫోనులో చేరుచున్నవి. రెంటికిని ఒక్క వ్రేలి తాకుడుతో బదులిచ్చి ఊరకుందురు. గడప ఎక్కుట వేరు, బదులిచ్చుట వేరు. పొరుగువాని దుఃఖమునకు గడప ఎక్కనివానికి తన సంతోషమునాడు గడప ఎక్కువారు ఉండరు.

ఈ విషయమున గ్రంథాలయము చేయగల పని యొకటి కలదు. హాలుని పేర వెలసిన గాథాసప్తశతిలో సుమారు ఏడువందల ప్రాకృత గాథలు కలవు. వానిలో పెక్కింటికి విషయము రాజుల యుద్ధములు కావు. పల్లెటూరి ఇల్లాండ్రు, కాపులు, బాటసారులు, వారి చిన్న సంతోషములు, చిన్న దుఃఖములు, నడుమ గోదావరి. అదే గోదావరి ఒడ్డున, జగిత్యాల జిల్లా కోటిలింగాలలో శాతవాహనుల తొలినాటి నాణెములు దొరకినవి. నాణెము రాజుల పేర్లను నిలిపెను. సామాన్యుల కష్టసుఖములను నిలిపినది గ్రంథమే. కావున ఈ గ్రంథాలయమున ఒక పెద్ద పుస్తకము ఉంచదగును. ప్రతి ఆశ్వయుజమున ఊరిలో ఎవరు గతించిరి, వారు ఏ బాయిలో, ఏ చెలకలో శ్రమించిరి, ఎవరి ఇంట బిడ్డ కలిగెను, ఎవరికి కొలువు దొరకెను, ఏ ముదుసలికి ఏ బతుకమ్మ పాట నోటికి వచ్చును, ఏ గూడెము దండారికి ఏ గూడెము అతిథి యయ్యెను, ఈ సంగతులు అందు వ్రాయవలెను. అలంకారములు అక్కరలేదు; పేరు, తేది, ఒక్క మంచి మాట చాలును. మరు సంవత్సరము పెత్రమాసనాడు ఆ పుటలను సభలో చదువవలెను. బియ్యమిచ్చుటకు వారసులు లేనివారి పేరు కూడ ఆనాడు ఊరి నోట పలుకబడును.

గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండినవి. ఇంతవరకు ఊరు గ్రంథములను చదివినది. ఇకపై ఊరే చదువదగిన గ్రంథమగునట్లు చందాదారులెల్లరు ఆ మొదటి పుటను ఈ రాబోవు అమావాస్యనాడే ప్రారంభింతురు గాక!