అవగాహన అనే సాకు



ఈ ఉపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఆ డాక్టరమ్మగారి గురించి పెద్దలు ఇప్పటికే చెప్పారు. నేను చేర్చేది కొంచెమే. పెసరట్టులో అల్లం ముక్కలు ఏరి పక్కన పెట్టేవాళ్లను ఆవిడ నమ్మేవారు కాదు, నన్నూ నమ్మలేదు. అయినా నిర్వాహకులు పిలిచారు, కృతజ్ఞతలు.

బాల్యవివాహాలు, కందుకూరి, గురజాడ అన్నీ మీకు తెలిసినవే, వదిలేస్తున్నాను. నాది పాత తగువు. పదహారేళ్ల పిల్ల సుఖవ్యాధితోనో, వద్దనుకున్న గర్భంతోనో వస్తే మనం కేసుషీటులో రాసేది ‘అవగాహన లోపం’. ఆ పిల్లకు తెలియక కాదు, కాదనే వీలు లేక. కండోమ్ మాటెత్తితే మొగుడో ప్రియుడో ‘ఎవడితో తిరుగుతున్నావ్?’ అంటాడు. మాత్రలు కనబడితే పారేస్తాడు. ఫోనూ డబ్బూ అతని దగ్గరే ఉంటే పరీక్షకు ఎలా వస్తుంది?

ఇవి నా ఊహలన్నవారున్నారు. 2001లో జామా పత్రికలో సిల్వర్‌మన్ బృందం మసాచుసెట్స్ హైస్కూలు విద్యార్థినుల సర్వేలను విశ్లేషించింది. ప్రియుడి చేతిలో శారీరక హింసో లైంగిక హింసో పడ్డామని సుమారు ఐదుగురిలో ఒకరు చెప్పారు. గర్భాలూ, ఆత్మహత్యా ప్రయత్నాలూ వాళ్లలోనే ఎక్కువ. 2005లో డెకర్ బృందం పీడియాట్రిక్స్ పత్రికలో ఇంకో సంగతి తేల్చింది: సుఖవ్యాధో హెచ్ఐవీయో బయటపడ్డ ఆడపిల్లల్లో సగానికి పైగా ఇలాంటి హింస ఎదుర్కొన్నవాళ్లే.

‘అమెరికా డేటింగుల గొడవ మనకెందుకు?’ అన్నారు నా వ్యాసం చదివిన ఒక ప్రొఫెసరుగారు. సరే, అదే సిల్వర్‌మన్ 2008లో మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మూడో విడతనే తీసుకున్నారు. భర్త చేతిలో శారీరక హింసా, లైంగిక హింసా రెండూ పడ్డ స్త్రీలలో హెచ్ఐవీ 0.73 శాతం, హింస లేనివారిలో 0.19. అందరూ పెళ్లయినవాళ్లే, మన దేశంవాళ్లే. ఐదో విడత (2019-21) ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో 12.6 శాతం అప్పటికే తల్లులో గర్భిణులో. దేశం మొత్తం మీద 6.8. హింస గురించి మాత్రం ఆ విడతలో 18 నిండినవాళ్లనే అడిగారు. దానికి నైతిక కారణాలున్నాయి, కాదనను. కానీ అడగని చోట సమస్యే లేదనుకోవడం మన ఆఫీసులకు అలవాటు.

ఈ ఆటోనగర్‌లో లారీ డ్రైవర్లకు ఎయిడ్స్ పాఠాలు చాలా చెప్పాం. బాడీ కట్టే షెడ్డులో వెల్డరును చేసుకున్న పదిహేడేళ్ల పిల్ల సురక్ష క్లినిక్‌కు సుఖవ్యాధితో వస్తే, గ్రే కిట్ అనే మందుల డబ్బా చేతిలో పెట్టి ‘మీ ఆయన చేత కూడా మింగించమ్మా’ అంటాం. ఆ డబ్బా చూపిస్తే ఇంట్లో ఏం జరుగుతుందో అడగం. భయపడి దాచేసి, తానొక్కతే మింగి, మళ్లీ అదే జబ్బుతో వస్తే ‘చెప్పినా వినదు’ అని విసుక్కుంటాం.

అడిగితే పోక్సో చట్టం మెడకు చుట్టుకుంటుందని డాక్టర్ల భయం. దాని 19వ సెక్షన్ కింద పోలీసులకు సమాచారం ఇవ్వక తప్పదు, నిజమే. అయితే గర్భస్రావానికి వచ్చిన బాలిక, ఆమె సంరక్షకులు కోరితే ఆ సమాచారంలో పేరు, వివరాలు వెల్లడించనక్కర్లేదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు చెప్పింది. ‘నేరస్థుడు తప్పించుకోడా?’ అంటారు. పిల్ల క్లినిక్ గడపే తొక్కకపోతే దొరుకుతాడా? నా అభ్యంతరం వేరు: పెళ్లి చేసిందే ఆ సంరక్షకుడైతే?

అందుకే ఇప్పుడు ఈ చుట్టుపక్కల క్లినిక్కుల కోసం ఒక ప్రశ్నావళి తయారుచేస్తున్నాను. వెంట వచ్చినవాళ్లను బయట కూర్చోబెట్టాలి. ఏ మాట చెబితే పోలీసులకు తెలపాల్సి వస్తుందో పిల్లకు ముందే చెప్పాలి. ఆ తరవాతే ‘ఇంటికెళ్లాలంటే భయంగా ఉందా?’ అని అడగాలి. పిల్లల సహాయవాణి 1098 నంబరు కాగితం మీద రాసివ్వకండి, అతని కంటబడుతుంది, కంఠతా పట్టించండి. ముసాయిదా ప్రతులు గుమ్మం దగ్గర బల్ల మీద ఉన్నాయి. డాక్టర్లు ఒక్క నెల వాడి చూసి, అప్పుడు నాతో పోట్లాడండి.